పతకం దక్కింది, పుస్తకంలో పడలేదు

ఏటా డిసెంబరు 16న సికింద్రాబాద్ పరేడ్ మైదానం దగ్గరి వీరుల సైనిక స్మారకం ముందు పూలచక్రాలు ఉంచుతారు. 1971 యుద్ధంలో పాల్గొన్నవారిలో అందరికన్నా చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు డెబ్బై దాటింది. గాల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుకు మహావీరచక్ర ప్రకటిస్తే రాష్ట్రమంతా తెలిసింది, తెలియాల్సిందే. యుద్ధక్షేత్రంలో ట్రక్కులు బాగుచేసిన మెకానిక్‌కూ, గాయపడ్డవారికి కట్లు కట్టిన నర్సింగ్ అసిస్టెంటుకూ రావాల్సిన మామూలు సేవా పతకం సర్వీసు ముగిశాక చేతికిచ్చే డిశ్చార్జి బుక్కులో పడిందో లేదో మాత్రం ఎవరూ చూడరు. పడకపోతే దిద్దించుకునే పని ఆ పెద్దాయనదే, ఆయన లేకపోతే ఆయన భార్యది. రికార్డు రాసింది ప్రభుత్వం, దాచింది ప్రభుత్వం, రుజువులు తెచ్చి చూపాల్సింది మాత్రం సైనికుడు. ఈ ఏర్పాటు తలకిందులుగా ఉందని మా అభిప్రాయం.

ముందు ఒక విషయం స్పష్టం చేయాలి. 'నాకు పతకం రాలేదు' అనే ఫిర్యాదులన్నీ ఒక రకం కావు. పతకం మంజూరై, రికార్డులో ఎక్కకుండా పోయినవి కొన్ని. అర్హత ఉండీ యూనిట్ క్లెయిము పంపకపోవడంతో అసలు మంజూరే కానివి మరికొన్ని. ఈ రెండూ దిద్దదగ్గవే. మూడో రకం వేరు: 'మా కమాండింగ్ ఆఫీసరు నా పేరు వీరచక్రకు రాశారు, పైన ఆగిపోయింది' అనేది. శౌర్య పతకాలు భారత గెజిట్‌లో ప్రచురితమవుతాయి. గెజిట్‌లో పేరు లేకపోతే రికార్డులో దిద్దడానికి ఏమీ ఉండదు. సిఫారసును ఇన్నేళ్ల తర్వాత తిరగదోడటం దాదాపు జరగని పని. ఈ మూడో కోరికను మొదటి రెండింటితో కలిపి ఒకే కాగితం మీద రాసేవాళ్లు చాలామంది. దానితో న్యాయమైన భాగం కూడా ఆగిపోతుంది.

తప్పు ఎక్కడ పుడుతుందో చూద్దాం. సిపాయి జీవితంలో జరిగే ప్రతి మార్పూ, అంటే పెళ్లి, బదిలీ, గాయం, ప్రమోషను, పతకం, యూనిట్ ప్రచురించే పార్ట్-2 ఆర్డరు ద్వారానే రికార్డ్స్ ఆఫీసుకు చేరుతుంది. అక్కడ షీట్ రోల్‌లో, అంటే అతని సర్వీసు రికార్డులో, ఎక్కుతుంది. ఆర్డరు ప్రచురించకపోతే, ప్రచురించినా తపాలాలో పోతే, అందినా నంబరు తప్పుగా ఉండి వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లకపోతే, ఆ సంఘటన కాగితం దృష్టిలో జరగనట్టే. యుద్ధంలో యూనిట్ నెలకోచోట ఉంటుంది, గుమాస్తా కూడా కందకంలోనే ఉంటాడు.

అందరికన్నా ఎక్కువ నష్టపోయేది అటాచ్‌మెంటు మీద, అంటే తమ కోర్ వదిలి వేరే యూనిట్‌తో పనిచేయడానికి, వెళ్లినవాళ్లు. పదాతి దళానికో కవచ దళానికో అనుబంధంగా ఈఎంఈ (వాహనాలు, యంత్రాలు బాగుచేసే కోర్) వారి చిన్న మరమ్మతు బృందం, లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంటు, ఉంటుంది. సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్, రవాణా, సరఫరా చూసే ఏఎస్‌సీ డ్రైవర్లు, వైద్య కోర్ ఏఎంసీ వాళ్లూ అలాగే ఉంటారు. అన్నం పెట్టేది ఒక యూనిట్, రికార్డు ఉండేది ఇంకో కోర్‌లో. పతకాల జాబితా తయారుచేసేటప్పుడు 'వాళ్లది వాళ్ల కోర్ చూసుకుంటుంది' అని యూనిట్, 'అక్కడ ఉన్నవాళ్లే పంపుతారు' అని కోర్ అనుకుంటే మధ్యలో మనిషి జారిపోతాడు. ఈఎంఈ, ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి సమకూర్చే కోర్) కేంద్రాలు రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్న మన నగరంలో ఈ రకం మాజీ సైనికులు తక్కువేమీ కాదు.

ఇక నంబర్లు. హవల్దారు నాయబ్ సుబేదారు కాగానే పాత నంబరు పోయి జేసీతో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు మీద మంజూరైన పతకం కొత్త నంబరు ఫైలులోకి రాకపోవచ్చు. పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనవాళ్ల పేరు భర్తీ రోజున ఎవరో హిందీ గుమాస్తా చెవికి విన్నట్టు ఇంగ్లిషులో రాసుకున్నాడు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరమైంది, ఇంకోచోట మాయమైంది. ఆధార్‌లో ఒకలా, పింఛను మంజూరు పత్రమైన పీపీఓలో ఒకలా, డిశ్చార్జి బుక్కులో మరోలా ఉన్న పేరు స్పర్శ్ పింఛను వ్యవస్థలోకి మారాక మరింత ఇబ్బంది పెడుతోంది. 2014లో రాష్ట్రం, 2016లో జిల్లాలు మారాయి. ఉమ్మడి నల్గొండ జిల్లా చిరునామాతో భర్తీ అయిన మనిషి ఇప్పుడు సూర్యాపేటలోనో యాదాద్రి భువనగిరిలోనో ఉన్నాడు.

డబ్బు రాని పతకం కోసం ఇంత ఆరాటమెందుకని అడిగేవారున్నారు. నిజమే, యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చే సమర సేవా స్టారుకో పూర్వీ స్టారుకో నెలనెలా పైసా రాదు. నెలవారీ భృతి శౌర్య పతకాలకే: 2017 ఆగస్టు నుంచి కేంద్రం ఇచ్చేది పరమవీరచక్రకు 20,000 రూపాయలు, సాహసానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000. కానీ గాయపడినవారికిచ్చే వూండ్ మెడల్ సంగతి చూడండి. దానికీ, యుద్ధ గాయ పింఛనుకూ ఆధారం ఒకటే, యుద్ధంలో గాయపడ్డాడని తెలిపే బ్యాటిల్ క్యాజువల్టీ ఆర్డరు. పతకం రికార్డులో లేదంటే ఆ ఆర్డరే లేదేమోనని అనుమానించాలి. అప్పుడు పోయేది గౌరవం ఒక్కటే కాదు.

ఇంట్లో డిశ్చార్జి బుక్కు ఉన్నవారు ఈ రోజే ఒక పరీక్ష చేయవచ్చు. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, 1997 ఆగస్టు 15న ఉన్నవారికి స్వర్ణోత్సవ పతకం వచ్చి ఉండాలి. వీటికి యుద్ధంతో, పోస్టింగుతో పని లేదు. ఆ తేదీన సర్వీసులో ఉండటమే చాలు. ఈ పతకం కూడా బుక్కులో లేదంటే ఎంట్రీలు రాయడం ఆ నాటికే ఆగిపోయిందని అర్థం, మిగతావి కూడా వెతకాలి. తర్వాత 9, 20, 30 ఏళ్ల దీర్ఘసేవా పతకాలను సర్వీసు కాలంతో లెక్కగట్టి చూసుకోవాలి. ఆ పైన పోస్టింగులు: 1965కు సమర సేవా స్టారు, రక్షా మెడల్, 1971లో తూర్పున పూర్వీ స్టారు, పడమట పశ్చిమీ స్టారు, వీటితోపాటు సంగ్రామ్ మెడల్, సియాచిన్‌కు ప్రత్యేక పతకం, కార్గిల్ పోరు ప్రాంతంలో ఉంటే ఆపరేషన్ విజయ్ స్టారు, ఆ పోరుకు జరిగిన సైన్య సమీకరణలో పాల్గొన్నవారికి ఆపరేషన్ విజయ్ మెడల్, 2001-02 సమీకరణకు ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. విజయ్ స్టారు, విజయ్ మెడల్ ఒకటి కావు. దరఖాస్తుల్లో ఈ రెండింటినీ కలిపేయడం తరచూ జరిగే పొరపాటు.

చేతిలో పతకం ఉందా, అయితే దాని అంచు చూడండి. ప్రభుత్వం ఇచ్చిన పతకం అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. పతకాల సరఫరా ఏళ్లతరబడి వెనకబడటంతో జవాన్లు దర్జీ దుకాణాల్లో నమూనాలు కొనుక్కుని యూనిఫాంకు పెట్టుకోవడం అందరికీ తెలిసిందే. తిరుమలగిరి లాల్‌బజార్‌లో కొన్నది మెరుపులో ఏమీ తీసిపోదు గానీ దాని అంచు ఖాళీ, అది రుజువు కాదు.

దరఖాస్తు వెళ్లాల్సింది జవాను శిక్షణ పొందిన ఊరికి కాదు, అతని రెజిమెంటు లేదా కోర్ రికార్డ్స్ ఆఫీసుకు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందిన గన్నర్ రికార్డు నాసిక్‌రోడ్డులో ఉంటుంది. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్, సిగ్నల్స్‌ది జబల్పూర్, వైద్య కోర్‌ది లక్నో, ఇంజనీర్ దళమైన మద్రాస్ శాపర్లది బెంగళూరు. ఈఎంఈ, ఏఓసీ రికార్డ్స్ మాత్రం మన సికింద్రాబాద్‌లోనే. నావికులకు ముంబై, వాయుసేన వారికి ఢిల్లీ. తాతగారు పాత హైదరాబాద్ రెజిమెంటు అని చెప్పుకునే కుటుంబాలకు ఒక సూచన: ఆ రెజిమెంటు 1945లోనే కుమావ్ రెజిమెంటు అయింది, దాని కేంద్రం రాణీఖేత్.

ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి. 'నాకు రావాల్సిన పతకాలన్నీ ఇప్పించండి' అని రాస్తే జవాబు రాదు, వచ్చినా 'రికార్డు ప్రకారం ఏదీ బాకీ లేదు' అనే ఒక్క వాక్యం వస్తుంది. సర్వీసులో ఉన్న అన్ని నంబర్లు, డిశ్చార్జి బుక్కులో ఉన్న అక్షరక్రమంలోనే పేరు, ట్రేడు, భర్తీ, డిశ్చార్జి తేదీలు, ఆ కాలంలో ఏ యూనిట్‌తో ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉన్నదీ, అడుగుతున్న పతకం పేరు రాయాలి. డిశ్చార్జి బుక్కు అన్ని పేజీల ధ్రువీకరించిన నకళ్లు, పీపీఓ నకలు జతచేయాలి. భార్య దరఖాస్తు చేస్తే మరణ ధ్రువపత్రం, కుటుంబ పింఛను కాగితం కూడా ఉండాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఒక ప్రతి, స్పీడ్ పోస్టులో నేరుగా ఒక ప్రతి పంపడం మంచిది. అసలు బుక్కు ఎవరికీ పంపకూడదు. భద్రంగా ఉంటుందని దాన్ని లామినేట్ చేయించేవారున్నారు, ఆ తర్వాత అందులో కొత్త ఎంట్రీ రాయడానికీ ముద్ర వేయడానికీ చోటుండదు. ఖాళీ గడిలో సొంతంగా పతకం పేరు రాసుకుంటే అది దిద్దుబాటు కాదు, ఫోర్జరీ.

రుజువులు పెట్టె అడుగునే దొరుకుతాయి. మూవ్‌మెంట్ ఆర్డరు, సెలవు సర్టిఫికెట్టు, మిలిటరీ ఆసుపత్రి డిశ్చార్జి చీటీ పనికొస్తాయి. ఇంటికి రాసిన ఉత్తరాల కవర్లను కూడా పారేయకూడదు. ఏపీఓ అంటే సైనిక తపాలా కార్యాలయం: 'కేరాఫ్ 56 ఏపీఓ' అంటే పడమర, ఉత్తరం వైపు, '99 ఏపీఓ' అంటే తూర్పు. కవరు ఒక్కటే పతకం తెచ్చిపెట్టదు గానీ, ఏ కాలంలో ఏ వైపు ఉన్నాడో తేల్చడానికి తోడ్పడుతుంది.

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. 'ఎందుకు ఇవ్వలేదు' అని అడగడం వృథా, కారణాలు కొత్తగా తయారుచేసి చెప్పాల్సిన బాధ్యత చట్టంలో లేదు. 'నా షీట్ రోల్ నకలు, ఫలానా ఏళ్లలో నా పేరిట వచ్చిన పార్ట్-2 ఆర్డర్లు, ఫలానా పతకం జాబితాలో నా ఎంట్రీ నకలు' అని కాగితాన్ని పేరుపెట్టి అడగాలి. అప్పటికీ తేలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. విజ్ఞప్తి ఇచ్చి ఆరు నెలలు ఎదురుచూడాలి, ఆ తర్వాత ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. యుద్ధ రికార్డు రాసింది రాసినట్టే ఉండాలన్న నియమం లేదని ఇదే ట్రిబ్యునల్ చూపింది. కార్గిల్‌లో బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్ గురించి రాసిన ప్రతికూల నివేదికను 2010లో కొట్టేసింది.

అసలు చిక్కు కాలంతో ఉంది. పింఛను లేకుండా వచ్చేసినవారి సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత నిబంధనల ప్రకారమే ధ్వంసం చేస్తారు. మిగిలేది లాంగ్ రోల్ అనే పేర్ల పట్టీలోని క్లుప్త వివరాలే. తగలబెట్టింది తానే, రుజువు చూపమనేదీ తానే. ఇది ఏ న్యాయమో రక్షణ శాఖ చెప్పాలి. కాగితాలు ధ్వంసమైన సందర్భాల్లో యూనిట్ యుద్ధ డైరీ, పతకాల జాబితా, తోటి అధికారి అఫిడవిట్ చాలునని స్పష్టమైన ఉత్తర్వు రావాలి. అటాచ్‌మెంటు మీద ఉన్నవారి విషయంలో ఆతిథ్య యూనిట్ కాగితాలను తెప్పించే బాధ్యతను రికార్డ్స్ ఆఫీసుకే అప్పగించాలి, ఎనభై ఏళ్ల మనిషికి కాదు.

రాష్ట్రం చేయగలిగేది ఇంతకన్నా సులభం. ప్రతి నవంబరులో పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రం కోసం ఎలాగూ వస్తారు. ఆ నెలంతా ప్రతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక బల్ల వేసి, సర్వీసు తెలిసిన ఒక మాజీ సుబేదారును కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరి డిశ్చార్జి బుక్కులో పతకాల పేజీ తెరిపించాలి. లేనిది గుర్తించి, దరఖాస్తు అక్కడే నింపి, రసీదు చేతికివ్వాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే నవంబరుకే హైదరాబాద్, మేడ్చల్, రంగారెడ్డి జిల్లాల్లో దీన్ని మొదలుపెట్టవచ్చు.