సవరణ: ఏసీఎఫ్ ఫాల్ క్విజ్ మార్కుల లెక్క

అమెరికాలో విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం ఏటా జరిగే ఏసీఎఫ్ ఫాల్ క్విజ్ పోటీ గురించి నేను ఇంతకుముందు రాసిన పరిచయంలో రెండు పొరపాట్లు దొర్లాయి. తొందరగా బజర్ నొక్కి సరైన జవాబు చెబితే 15 మార్కులు వస్తాయని, అందువల్ల ఒక ఆటలో గరిష్ఠంగా 900 మార్కులు సాధించవచ్చని రాశాను. ఆ అదనపు మార్కుల పద్ధతి వేరే పోటీలది. ఏసీఎఫ్‌లో బజర్ ప్రశ్నకు ఎప్పుడు జవాబిచ్చినా 10 మార్కులే. దానికి తోడుగా వచ్చే మూడు బోనస్ ప్రశ్నలకు 30 కలిపితే, 20 ప్రశ్నల ఆటలో గరిష్ఠం 800.

రెండో పొరపాటు ఇంతకన్నా ముఖ్యమైనది. తప్పు జవాబుకు ఎప్పుడూ 5 మార్కులు పోతాయని రాయడం సరికాదు. ప్రశ్న చదవడం పూర్తికాకముందే అడ్డుపడి తప్పు చెబితేనే ఆ కోత పడుతుంది; చివరివరకూ విని ఊహించి చెప్పినవారికి నష్టమేమీ ఉండదు. కఠినమైన ఆధారాలతో మొదలై సులభమైన వాటితో ముగిసేలా ప్రశ్నలను కూర్చే ఈ పోటీ ముఖ్యంగా కొత్తవారి కోసమే కనుక, నా మాట నమ్మి చివర్లోనూ బజర్ నొక్కడానికి జంకినవారికి క్షమాపణలు చెబుతున్నాను.