ఫోన్ లోపలి జిగురు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జిగురు గారికి,

నమస్కారాలు. మీరు ఉన్న చోటు నుంచి కదిలే రకం కాదు కాబట్టి ఈ ఉత్తరం తప్పకుండా చేరుతుందని నమ్మకం.

ఫోన్ కొన్నప్పుడు పెట్టె మీద రాసిందంతా శ్రద్ధగా చదివాను. కెమెరాకి ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎన్ని జీబీలు, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్, అన్నీ ఉన్నాయి. మీ పేరు మాత్రం ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు ఆ ఫోన్ పాతబడింది, వారంటీ ఎప్పుడో తీరిపోయింది. లోపల ఏ భాగం ఎక్కడుందో చూద్దామని కూర్చుంటే మొదట అడ్డం పడింది మీరే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. డబ్బు కట్టింది నేను, బిల్లు నా పేరు మీద ఉంది, తలుపు తీయాలంటే మాత్రం మీ దయ కావాలి.

మీ దయ సంపాదించే పద్ధతి కూడా గొప్పదే. ముందు బ్యాటరీ ఛార్జింగ్‌ని 25 శాతం లోపుకి దించుకోవాలి, పొరపాటున దానికి గాయమైతే మంట తక్కువగా ఉంటుందని. తర్వాత వెనుక అద్దాన్ని హీట్ గన్‌తో వేడి చేయాలి. వేడి తక్కువైతే మీరు కరగరు, ఎక్కువైతే లోపల బ్యాటరీ ఊరుకోదు. మూలన సందు కనబడగానే పల్చటి ప్లాస్టిక్ పిక్ దూర్చి మెల్లగా జరపాలి. సరే, ఒక మూల వచ్చింది కదా అని రెండో మూలకి వెళితే, ఈలోపు మీరు చల్లబడి మొదటి మూలని మళ్లీ పట్టేసుకుంటారు! విక్రమార్కుడు కూడా మధ్యలో కాస్త కునుకు తీసి ఉంటాడు. అందుకే దారిపొడవునా ఒక్కో పిక్‌ని కాపలా పెట్టుకుంటూ పోవాలి. అలాగని పిక్ మరీ లోపలికి పోకూడదు, కొన్ని మోడళ్లలో ఫ్లెక్స్ కేబుల్ (రిబ్బన్‌లా వంగే పల్చటి తీగల పట్టీ) సరిగ్గా అంచు పక్కనే కాచుకుని ఉంటుంది.

మిమ్మల్ని దాటి లోపలికి అడుగుపెడితే మాత్రం అక్కడివాళ్లు ఎంత మర్యాదస్తులో! చిన్న చిన్న స్క్రూలు. వాటిలోనూ పొడవులు తేడా ఉంటాయి, ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకుంటే చాలు (పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డు పొరల్లోకి దిగుతుంది, ఆ తర్వాత ఫోన్ లేవకపోవచ్చు). స్క్రూలు తీసి రేకు ఎత్తితే కనెక్టర్లు. చొక్కా ప్రెస్ బటన్ ఊడినట్టు, ప్లాస్టిక్ పుల్లతో కింద నుంచి అలా అంటే చాలు, టక్కున లేస్తాయి. అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి, కరెంటు ఉండగా మిగతావాటి జోలికి పోకూడదు.

ఆ తర్వాత పరిచయాలు. అడుగున ఛార్జింగ్ పోర్టు, దాని పక్కనే మైక్. మైక్ అంటే ఇంత ఉంటుందనుకుంటాం, తీరా చూస్తే బియ్యపుగింజకి కాస్త అటూఇటూ ఉన్న లోహపు డబ్బా, దానికో సూది బెజ్జం. వైబ్రేటర్ ఇంకా తమాషా. పాత రకం మోటారైతే ఇరుసుకి ఒక పక్కే బరువున్న అర్ధచంద్రం ముక్క ఉంటుంది, చాలావాటిలో అది టంగ్‌స్టన్. ఆ ఒంటిపక్క బరువు గిర్రున తిరిగితేనే జేబులో ఫోన్ వణికేది. కెమెరాలో కటకాన్ని ముందుకీ వెనక్కీ జరిపేది అయస్కాంతం, దాని దగ్గర ఒక తీగచుట్ట. లోహపు ఫ్రేము మీద కనిపించే సన్నటి ప్లాస్టిక్ గీతలు సోకు కోసం కాదు. అవి ఫ్రేముని ముక్కలుగా విడదీస్తాయి, ఆ ముక్కలే యాంటెన్నాలు. మదర్‌బోర్డు మీద రేకు మూతల కింద ప్రాసెసర్, అందరికీ కరెంటు పంచే పవర్ ఐసీ, మెమరీ. చాలా ఫోన్లలో ర్యామ్ విడిగా వెతికితే కనబడదు, ప్రాసెసర్ నెత్తి మీదే ఎక్కి కూర్చుంటుంది. ఓ మూలన తెల్ల స్టిక్కర్ ఒకటి ఉంటుంది. నీళ్లు తగిలితే ఎర్రబడటం, అంటే సర్వీస్ సెంటర్లో మన మీద చాడీ చెప్పడం, దాని ఉద్యోగం.

అందరూ ఊడారు, ఎవరి పని ఏమిటో చెప్పారు. ఇక బ్యాటరీ వంతు అనుకునేసరికి అడుగున మళ్లీ మీరే.

అసలు మార్చాల్సి వచ్చే భాగమే అది. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది, దాని రసాయనమే అంత, అందులో ఎవరి తప్పూ లేదు. ముందుగా పోయేది ఏదో తెలిసీ సరిగ్గా దాన్నే ఎంచుకుని కౌగిలించుకున్నారంటే మీ తెలివికి దండం పెట్టాలి. కొన్ని ఫోన్లలో దయతలచి లాగడానికి చిన్న పట్టీ ఇచ్చారు. నేలబారుగా, మెల్లగా లాగితే అది సాగుతుంది. సాగి సాగి మూరెడవుతుంది. ఇంకాస్తలో వచ్చేస్తుందనగా పుటుక్కుమంటుంది. ఇక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు అంచుల్లోంచి వదిలి, మీరు నానే దాకా కూర్చోవాలి. పోనీ అని ఇనుప వస్తువుతో ఎత్తబోతే బ్యాటరీ వంగుతుంది, చిల్లు పడితే పొగ, మంట.

మీరేమంటారో నాకు తెలుసు. నీళ్లు రాకుండా ఆపుతున్నది నేనే అంటారు. అంచుల వరకూ ఒప్పుకుంటాను. మరి బ్యాటరీ కింద ఏ వరద ఆపుతున్నారు? అసలు అంచుల సంగతైనా, 2014లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5 వెనుక కవరు గోటితో ఊడేది, బ్యాటరీ చేత్తో తీసేవాళ్లం. అయినా దానికి నీటిని తట్టుకునే ఐపీ67 రేటింగ్ ఉండేది. ఆ కవరు లోపల ఓ రబ్బరు వరస ఉండేది, అంతే. ఆ రబ్బరు ఏమైందో మీకు కబురేమైనా తెలుసా? ఫోన్ పల్చగా ఉండాలనీ, కింద పడితే బ్యాటరీ కదలకూడదనీ ఇంకో రెండు కారణాలు చెబుతారు. పల్చటి ఫోన్‌కి లావుపాటి కవరు తొడిగి తిరిగేవాళ్లం మేము, మాకు ఆ మాట చెప్పకండి.

మీకో కబురు కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ 2023లో బ్యాటరీల మీద ఒక చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలట. అందుకు వేడి చేయాల్సిన పని గానీ, ద్రావకాలు పోయాల్సిన పని గానీ ఉండకూడదట. చదవగానే మీరే గుర్తొచ్చారు. సంబరపడబోతే కింద మినహాయింపులు కూడా కనబడ్డాయి. మినహాయింపు ఎంత సన్నదైనా సరే, పట్టుకుని వేలాడే సత్తా మీకుందని ఇవాళ కళ్లారా చూశాను కాబట్టి సంబరం వాయిదా వేశాను.

ప్రస్తుతానికి ఒక్కటే మనవి. ఫోన్ మూయడానికి ఈ మోడల్ కొలతకి కత్తిరించిన కొత్త జిగురు స్టిక్కర్ తెచ్చిపెట్టాను, మీ వారసుడే. పాతది పూర్తిగా పోతే తప్ప కొత్తది సరిగా అంటుకోదు. మీరు ఇంకా ఎడమ అంచు మీద, పవర్ బటన్ పక్కన, కొంత నా చూపుడు వేలి మీద ఉన్నారు. దయచేసి ఖాళీ చేయగలరు.

ఇట్లు,
పేరుకు మాత్రమే యజమాని