నాలుగు రోజుల్లో ఓడట!

ఈ వారంలో ఇది ఆరోసారి. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న పొద్దున్నే మా మేనమామ దగ్గర్నుంచి, చివర రెండు దణ్ణాల బొమ్మలతో సహా. సారాంశం ఇదీ: "యుద్ధంలో అమెరికా ఒక్కో సరుకు ఓడని 4 రోజుల్లో కట్టేసింది. అలా 2,710 ఓడలు. ఒక్క లోపం లేదు. యూనియన్ లేదు, సెలవు అడిగినవాడు లేడు, ఎదురు ప్రశ్న వేసినవాడు లేడు. 4 రోజుల ఓడ ఇరవై ఏళ్ళు తిరిగింది. మన ఫ్లైఓవర్‌కి పదేళ్ళు! సిగ్గుపడదాం, షేర్ చేద్దాం." మామయ్యకి "చూశాను మామయ్యా" అని పెట్టి ఊరుకున్నాను. మిగతావాళ్ళకి ఇక్కడ చెప్తున్నా.

ఫ్లైఓవర్ గురించి నాకేం పేచీ లేదు. రోజూ దాని కింద నలభై నిమిషాలు నిలబడేవాణ్ణి, మీకంటే నాకే ఎక్కువ మంట.

"ఒక్కో ఓడ 4 రోజుల్లో." కాదు. ఒకే ఒక్క ఓడ. పేరు రాబర్ట్ ఇ. పియరీ, కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ యార్డులో, 1942 నవంబర్‌లో, 4 రోజుల 15 గంటల్లో నీళ్ళలోకి దించారు. దించాక తతంగమంతా పూర్తి కావడానికి ఇంకో మూడు రోజులు. అదే యజమాని హెన్రీ కైజర్ తాలూకు ఆరిగన్ యార్డు వాళ్ళు అంతకుముందే 10 రోజుల్లో ఒకటి దించారు కాబట్టి, వీళ్ళు పంతానికి పోయి చేసిన పని అది. ముక్కలన్నీ ముందే వెల్డింగ్ చేసి వరసగా పేర్చి పెట్టుకున్నారు. కూరలు తరిగి, పప్పు ఉడకేసి, పిండి రుబ్బుకుని, పోపు వేసిన టైము మాత్రం లెక్కేసి "పది నిమిషాల్లో వంట" అన్నట్టు! రెండో ప్రపంచ యుద్ధం కోసం కట్టిన ఈ సరుకు ఓడల రకం పేరే లిబర్టీ. మొట్టమొదటి లిబర్టీ ఓడ పాట్రిక్ హెన్రీకి 244 రోజులు పట్టింది. తర్వాత తర్వాత చెయ్యి తిరిగి సగటు 42 రోజులకి వచ్చింది. 42 అంటేనే నోరెళ్ళబెట్టాల్సిన అంకె కదా, దానికి అబద్ధం అతికించడం దేనికి?

"ఒక్క లోపం లేదు." 1943 నవంబర్‌లో జాన్ పి. గెయిన్స్ అనే లిబర్టీ ఓడ అలాస్కా వైపు సముద్రంలో రెండుగా విరిగి పదిమంది పోయారు. పగుళ్ళిచ్చినవి ఇంకా బోలెడు. తప్పంతా వెల్డింగ్ చేసినవాళ్ళదేనన్నారు మొదట్లో. ఆ ఉక్కే చలికి పెళుసెక్కిపోతోందని కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే ఆవిడ పరీక్షలు చేసి తేల్చింది. పాకం ముదిరిన పల్లీపట్టీ వంగదు, టప్పున విరుగుతుంది చూడండి, అలాగ. పగులు చాలాసార్లు సరుకు దించే తలుపుల చదరపు మూలల దగ్గరే మొదలయ్యేది.

"ఇరవై ఏళ్ళు తిరిగింది." దీన్ని ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే నిజం. ఆ పియరీ యుద్ధం దాటి బతికి, 1963లో గానీ తుక్కుకి పోలేదు. ఒప్పుకుంటున్నా. కానీ అది దానంతటది తిరిగిందనుకుంటున్నారా? వేగం 11 నాట్లు, అంటే గంటకి ఇరవై కిలోమీటర్లు, మన స్కూటీ ఇంకా జోరుగా పోతుంది. ఇంజను అప్పటికే పాతకాలపుది, ఎందుకంటే టర్బైన్లన్నీ యుద్ధనౌకలకే సరిపోయేవి. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో జెరిమయా ఓబ్రియన్ అనే లిబర్టీ ఓడ ఇప్పటికీ ఉంది. అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఇంజనుని ఆవిరితో నడిపి చూపించే రోజు చూసుకుని ఎక్కాను. ఇంజను గదిలో రెండంతస్తుల ఎత్తు యంత్రం, వేడినూనె వాసన. సముద్రం మీదైతే నిమిషానికి 76 చుట్లు తిరుగుతుందది. అలా తిరుగుతుండగానే ఇంజనుకి నూనె వేసే ఆయిలర్ అనేవాడు లయ చూసుకుని చెయ్యి లోపలికి చాచి, కిందికొచ్చిన బేరింగుని వేళ్ళతో తాకి, వేడెక్కిందో లేదో చూసి, మళ్ళీ వచ్చేలోపు చెయ్యి లాగేసుకోవాలి. నాలుగేసి గంటల డ్యూటీ అంతా అదే. పైన తుపాను, చుట్టూ జలాంతర్గాములు.

ఇక అసలు మంట పుట్టించే ముక్క. "యూనియన్ లేదు, సెలవు అడగలేదు, ప్రశ్నించలేదు."

కైజర్ యార్డుల్లో యూనియన్ కార్డు లేకపోతే పనే లేదు బాబూ. నల్లవాళ్ళని ఓటు లేని విడి శాఖలో పడేసి చందా మాత్రం వసూలు చేశారు, వాళ్ళు దాని మీద కోర్టు దాకా పోయారు. ప్రశ్నించలేదట! వారానికి అర డాలరు కట్టించుకుని ఆ కార్మికులకి ఆస్పత్రి పెట్టారు. మా అక్క పర్సులో, బే ఏరియాలో సగం మంది తెలుగువాళ్ళ పర్సుల్లో ఉండే కైజర్ ఆస్పత్రుల కార్డుకి మూలం అదే. ఇవన్నీ ఉంటేనే అంత జోరుగా ఓడలు కట్టారు, ఇవి లేక కాదు.

ప్రశ్న వేయనివ్వని చోటు కూడా ఒకటుంది లెండి. అదే కాలిఫోర్నియాలో పోర్ట్ షికాగో. ఓడల్లోకి బాంబులు ఎక్కించే రేవు. ఎక్కించేవాళ్ళంతా నల్లజాతి నావికులు, పైన తెల్ల ఆఫీసర్లు. పేలుడు సామాను ఎలా పట్టుకోవాలో నేర్పిన పాపాన ఎవరూ పోలేదు గానీ, గంటకి ఎవరు ఎన్ని టన్నులు ఎక్కించారో మాత్రం బోర్డు మీద రాసేవారు. ఆఫీసర్లు పందేలు కాసుకునేవారు. మీ మెసేజ్‌కి అచ్చు గుద్దినట్టు సరిపోయే చోటు! 1944 జూలై 17 రాత్రి, ఇ. ఎ. బ్రయన్ అనే లిబర్టీ ఓడలో దాదాపు 4,600 టన్నులు ఎక్కించాక మొత్తం పేలిపోయింది. 320 మంది చనిపోయారు, అందులో 202 మంది ఆ నల్లజాతి నావికులే.

బతికినవాళ్ళు సెలవు అడిగారు. ఆఫీసర్లకి ఇచ్చారు, వీళ్ళకి ఇవ్వలేదు. మూడు వారాలకే మళ్ళీ బాంబులెక్కించమంటే 258 మంది మొరాయించారు. 50 మందిని తిరుగుబాటు నేరం కింద జైల్లో వేశారు. ఆ శిక్షలు తప్పని అమెరికా నౌకాదళం ఒప్పుకుని కొట్టేసింది 2024 జూలైలో, ఎనభై ఏళ్ళకి.

కాబట్టి ఏడోసారి పంపేవాళ్ళు ఆ సెలవు లైను కొట్టేసి పంపండి. ఫ్లైఓవర్ లైను ఉంచుకోండి, దానికి నాదీ సంతకం పెట్టుకోండి.