బీరువాలో ఉన్న కంటి చార్టు గారికి

మహారాజశ్రీ కంటి పరీక్ష చార్టు గారి సముఖానికి,

పల్లెటూరి బడి పిల్లల తరపున రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా హెడ్మాస్టరు గారి గదిలో, పాత హాజరు పట్టీలకీ చిరిగిన ప్రపంచ పటానికీ మధ్య, రబ్బరు బ్యాండు బిగించుకుని క్షేమంగా పడుకుని ఉన్నారని తలుస్తాం. ఏడాదికోసారి తమరు బయటికి వస్తారు. ఆ రోజు లెక్కల క్లాసు ఉండదు కాబట్టి పిల్లలకి తమరంటే గౌరవమే.

తమరిది చిన్న వంశం కాదు. 1862లో ఉట్రెక్ట్‌లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు గారు తమరిని కొలతలు వేసి మరీ పుట్టించారు. ఇప్పటి లెక్కలో తమరికీ చూసేవాడికీ మధ్య 6 మీటర్ల దూరం ఉండాలి. పై వరుసలో పెద్దక్షరం దాదాపు 9 సెంటీమీటర్ల ఎత్తు. 6/6, అంటే పూర్తి చూపు, అనిపించుకోవాలంటే చదవాల్సిన అక్షరం దాదాపు 9 మిల్లీమీటర్లు. ఇంత ఖచ్చితంగా పుట్టిన తమరు మా దగ్గరికి వచ్చేసరికి ఎలా అయిపోయారో చూడండి.

మొదట, గది. గోడ నుంచి గోడకి నాలుగు మీటర్లు. అందులో బల్ల, బీరువా, విరిగిన కుర్చీలు పోగా పిల్లాడు నిలబడటానికి మిగిలేది మూడు. దూరం రెట్టింపయ్యేలా చార్టుని గోడ అద్దంలో చూపించే పద్ధతి ఉంది, చిన్న గదుల కోసమే సగం సైజు చార్టులు కూడా ఉన్నాయి. కానీ అంత తీరికెవరికి? 6 మీటర్ల చార్టుని 3 మీటర్ల నుంచి చదివిస్తే, 6/12 మాత్రమే చదవగలిగే పిల్లాడు, అంటే మంచి చూపువాడు 12 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్లకి వస్తే గానీ చదవలేనివాడు, గడగడా 6/6 చదివేస్తాడు. రిజిస్టరులో ‘నార్మల్’ అని పడుతుంది. మందు లేదు, అద్దాలు లేవు, మూడు మీటర్లు ముందుకు జరిపి నిలబెడితే చాలు, సగం చూపు పూర్తి చూపైపోయింది. ఇంత మహిమ ఏ స్వామీజీకి ఉంది చెప్పండి?

తర్వాత, వరుస. నలభై మంది లైన్లో నిలబడతారు. ముందువాడు గట్టిగా చదువుతాడు. పది మంది అయ్యేసరికి ఎక్కాలు రాని పిల్లాడికి కూడా తమరి ఆఖరి వరుస కంఠతా వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్లకి ‘ఈ’ అక్షరాన్ని పైకీ కిందకీ పక్కకీ తిప్పిన చార్టు ఉంది. అది ఎటు తిరిగి ఉందో చేత్తో చూపిస్తే సరిపోతుంది. అది తమరి తమ్ముడే. అతను ఏ బీరువాలో ఉన్నాడో మాత్రం తెలియదు.

ఇక ‘ఒక కన్ను మూసుకో’ అన్నప్పుడు జరిగేది దగ్గర్నుంచి చూస్తే గానీ అర్థం కాదు. పిల్లాడు అరచేతితో మూయడు, వేళ్లతో మూస్తాడు. మసక కన్ను వంతు వచ్చేసరికి వేళ్ల మధ్య సందు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి మంచి కన్ను చూస్తుంది, చదువుతుంది, పాసవుతుంది. మోసం చేద్దామని కాదండీ. పాసవ్వాలని అంతే. పరీక్ష అని పేరు పెట్టారు, మరి ఫెయిలవడానికి ఏ పిల్లాడు ఒప్పుకుంటాడు? కానీ చిన్నప్పుడు ఒక కన్ను మసకగా చూస్తూ ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కన్నుని మూసేలా ప్యాచీ వేసి బాగుచేసే అవకాశం బాగా ఎక్కువ. ఆ వయసు దాటేకొద్దీ కష్టం. మెల్లకన్నుదీ చాలావరకు ఇదే కథ. ‘పెద్దయ్యాక అదే పోతుందిలే’ అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పోయేది మెల్ల కాదు, చూపు.

తమరు పట్టుకోని ఆ పిల్లాడు ఏమవుతాడో తమరికి తెలియదు కదా, మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయి ఉంటారు. మూడో బెంచీలో కూర్చుంటాడు. బోర్డు మీద లెక్క వేస్తుంటే కళ్లు చికిలించి చూస్తాడు. అలా చికిలిస్తే కాసేపు కొంచెం స్పష్టంగా కనపడుతుంది. తల నొప్పెట్టాక అదీ మానేస్తాడు. పక్కవాడి నోట్సులోకి తల వంచుతాడు. పక్కవాడు 3ని 8గా రాస్తే వీడూ 8 అనే రాస్తాడు. ఇద్దరిదీ తప్పే, కానీ దెబ్బలు వీడికే, ఎందుకంటే కాపీ కొట్టాడు. ‘ధ్యాస లేదు’, ‘మొద్దు’, ‘బుర్రలో బంకమట్టి’. ఇన్ని బిరుదులు వీడికొచ్చాయి, తమరికి ఒక్కటీ రాలేదు. నాకు కనపడటం లేదని వాడు ఎందుకు చెప్పడంటే, లోకం అందరికీ అలాగే కనపడుతుందనుకుంటాడు. చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని దూరం నుంచి ఎప్పుడూ చూడనివాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు?

తమరి మీద ఇంకో చిన్న అభియోగం కూడా ఉంది. ప్లస్ పవరున్న పిల్లలు దూరంగా వేలాడే తమరిని చాలాసార్లు హాయిగా చదివేస్తారు. పుస్తకం ముందు కూర్చుంటేనే తలనొప్పి, కళ్లు లాగడం, అక్షరాలు అలుక్కుపోవడం. వాళ్లు పుస్తకం మూసేస్తే అది బద్ధకం కింద లెక్క.

సరే, తమరు ఎంత గుడ్డిగా చూసినా కొందరు దొరుకుతారు. లిస్టు పైకి వెళ్తుంది. కొన్నాళ్లకి అద్దాలు కిందికి వస్తాయి. ఆ రోజు బ్యానరు, మైకు, పూలదండలు. ఒక పెద్దాయన ఒక పాప ముక్కు మీద అద్దాలు పెడుతూ కెమెరా వైపు చూస్తాడు. ఆ పాప తప్ప అక్కడ అందరూ ఫొటోలో స్పష్టంగా పడతారు. తర్వాత పాప ఇంటికి వెళ్తుంది. ‘ఆడపిల్లకి సోడాబుడ్డి అద్దాలేంటి, తియ్, ఇప్పట్నుంచే పెడితే పవరు పెరిగిపోతుంది’ అని నానమ్మ దాచేస్తుంది. అద్దాల వల్ల పవరు పెరగదు. పెరిగే వయసులో కన్ను పెరుగుతుంది, పవరు దానితో మారుతుంది. అందుకే ఏటేటా చూపించాలి. నానమ్మకి ఈ ముక్క చెప్పే బాధ్యత ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇది మా ఒక్కరి గొడవే కాదు. చైనాలో గాన్సు, షాన్‌షీ ప్రాంతాల్లోని పల్లె బడుల్లో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2014లో అచ్చయింది. అద్దాలు ఉచితంగా ఇచ్చిన పిల్లలకి, ఇవ్వని పిల్లల కన్నా లెక్కల్లో మార్కులు కాస్త మెరుగయ్యాయి. ‘మొద్దు’ అన్న మాటకి అంతకన్నా జవాబేం కావాలి! తమాషా ఏమిటంటే, ఉచితంగా తీసుకున్నవాళ్లని ‘పెట్టుకుంటున్నారా’ అని అడిగితే 68 శాతం పెట్టుకుంటున్నామన్నారు. వెళ్లి చూస్తే 41 శాతం ముక్కుల మీదే ఉన్నాయి. ఆ తేడా అంతా పుస్తకాల సంచీల్లోనో, నానమ్మల పెట్టెల్లోనో ఉండి ఉంటుంది. మరి మన లెక్కలో ‘పంపిణీ’ అనే గడి నిండితే పని అయిపోయినట్టే. రెండోసారి వెళ్లి ఎవరి ముక్కు మీద ఉన్నాయో చూసే గడి ఏదండీ? మర ఊడితే తీగ చుట్టుకుని, గీతలు పడ్డ అద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ తిరిగే పిల్లాడికి రెండో జత ఇచ్చే గడి ఏది?

కాబట్టి కోరేది పెద్దగా ఏమీ లేదు. తమరు బీరువా వదిలి వరండాలోకి వచ్చి వేలాడాలి, వెలుతురు పడేచోట. టేపు పెట్టి కొలిచి 6 మీటర్ల దగ్గర నేల మీద పెయింటుతో ఒక గీత గీయించండి. పిల్లల్ని లైన్లో కాకుండా ఒక్కొక్కరినే పిలవమని చెప్పండి. కన్ను అరచేతితో మూయించమనండి. ఎవరికైనా సైటు ఉందని తేలితే, అద్దాలు వచ్చేదాకా ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. దానికి టెండరు అక్కర్లేదు, మీటింగు అక్కర్లేదు.

ఇట్లు,
తమరి ఆఖరి వరుస చదవలేని విధేయుడు

తా.క.: మొన్న తమరి పక్కన నిలబడి బెత్తంతో అక్షరాలు చూపించిన మాస్టారు, రిజిస్టరుని చేతులు బారజాపి దూరంగా పట్టుకుని రాస్తున్నారు. నలభై దాటినట్టున్నారు. రోలు నంబరు 42 అని రాయబోయి 47 అని రాశారు, ఆ ఇద్దరు పిల్లలూ ఇప్పుడు ఒకరి సైటు ఒకరు మోస్తున్నారు. దయచేసి ఈసారి లైన్లో మొదట ఆయన్ని నిలబెట్టండి.