పెంగ్విన్లకి అరగంట, ముసలమ్మకి అరనిమిషం

అక్వేరియంలో అద్దం మీద టకటకా కొట్టి "ఇది కదలట్లేదేంటి, చచ్చిపోయిందా?" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని స్టైన్‌హార్ట్ అక్వేరియంలో మెతూసెలా అనే ఆస్ట్రేలియన్ లంగ్‌ఫిష్ (ఊపిరితిత్తి ఉన్న చేప) ఉంది. బే ఏరియా తెలుగువాళ్లం ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్తాం కదా, అక్కడే. అందరూ పెంగ్విన్ల దగ్గర అరగంట నిలబడతారు, దీని దగ్గర అరనిమిషం కూడా ఆగరు.

1938లో ఫిజీ, ఆస్ట్రేలియాల నుంచి మరో 231 చేపలతో కలిసి ఓడలో వచ్చిందిది. వాటిలో మిగిలింది ఇదొక్కటే. పాత బిల్డింగ్ కూలగొట్టి కొత్తది కట్టి 2008లో తెరిచారు, చేప మాత్రం అదే. 2023లో రెక్క నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేస్తే వయసు 92 దాకా ఉండొచ్చని, వంద దాటినా ఆశ్చర్యం లేదని తేలింది. మన ఊళ్లో ఆ వయసు పెద్దావిడ ఉంటే వచ్చినవాళ్లంతా కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్తారు! పైగా ఈవిడకి తాజా అంజీర పళ్లు కావాలట, ఫ్రీజర్‌లోవి పెడితే ముట్టదట.

అసలు సంగతి దాని ఒంట్లో ఉంది. మొప్పలతో పాటు ఒక ఊపిరితిత్తి కూడా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో ప్రవాహం ఆగిపోయి నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. ఇప్పుడు బతికున్న చేపలన్నిటిలో నేల మీద నడిచే జంతువులకి, అంటే మనకి కూడా, దగ్గరి చుట్టాలు ఈ లంగ్‌ఫిష్‌లే.

జనాన్ని మాత్రం ఎంతని తిడతాం? చాలా అక్వేరియాల్లో "సజీవ శిలాజం, డైనోసార్ల కాలం నుంచి మారలేదు" అని బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటారు. మారకపోవడమేంటి? దీని జన్యుపటం, అంటే మొత్తం డీఎన్ఏ, మనిషిదానికి దాదాపు 14 రెట్లు పెద్దదని 2021లో తేల్చారు. పైకి రూపం పెద్దగా మారలేదు, అంతవరకే నిజం; లోపల డీఎన్ఏ మారుతూనే వచ్చింది. ఇక టచ్ పూల్స్‌లో (చేత్తో తాకి చూడనిచ్చే తొట్లలో) హార్స్‌షూ క్రాబ్‌ని, అదే సజీవ శిలాజమని పేరుపడ్డ ఇంకో సముద్ర జీవిని, తోక పట్టుకుని ఎత్తేవాళ్ల గురించి ఎత్తితే ఈ పోస్ట్ ఇవాళ అవ్వదు. వెల్లకిలా పడితే మళ్లీ బోర్లా తిరగడానికి దానికి ఆ తోకే ఆధారం, నాయనా!

నేనడిగేది చిన్నది. ఇలాంటి తొట్ల ముందు ఇంకో టచ్‌స్క్రీన్ వద్దు, ఓ బెంచీ వేయండి చాలు. అది గాలి కోసం ఎప్పుడు పైకొస్తుందో దాని ఇష్టం. పిల్లలకి బోర్ కొడుతుందంటారా, కొట్టనివ్వండి, పది నిమిషాలేగా.