సేవకు వీసా దొరికింది

నల్లగొండ గడియారం సెంటర్లో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ఎన్నికలు దగ్గర్లో లేవు, పండుగ లేదు, ఏ నాయకుడి పుట్టినరోజూ కాదు. అయినా పదిహేను అడుగుల ఎత్తున ఒక కుర్రాడు తెల్లకోటు తొడుక్కుని, మెడలో స్టెతస్కోపు వేలాడేసుకుని, ఇద్దరు ఆఫ్రికా పిల్లల భుజాల మీద చేతులు వేసి నవ్వుతున్నాడు. పైన ‘ఖండాంతర సేవామూర్తికి జన్మభూమి స్వాగతం’ అని పెద్దక్షరాలు. కింద స్వాగతం పలికేవాళ్ల ముఖాలు తపాలా బిళ్లల్లా వరుసగా. కుర్రాడు చదువుతున్నది ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, అందులోనూ కంప్యూటర్ సైన్స్. ఆ ముక్క మాత్రం ఫ్లెక్సీ మీద లేదు. స్వాగతం పలికేవాళ్లు ఎక్కువై జాగా చాలలేదని సరిపెట్టుకున్నాను.

తొందరపడి తప్పుపట్టకండి. ఈ సేవ వెనుక గట్టి అవసరమే ఉంది. కుర్రాడికి అమెరికాలో పైచదువు చదవాలని ఉంది. హైదరాబాద్‌లోని కన్సల్టెన్సీ వారు అతని కాగితాలన్నీ శ్రద్ధగా తిరగేసి లోపం పట్టేశారు. మార్కులున్నాయి, ప్రాజెక్టులున్నాయి, ఇంగ్లీషు పరీక్షలో స్కోరుంది. కరుణ ఒక్కటే తక్కువ పడింది.

ఆ లోటు పూడ్చే ఏజెన్సీలు ప్రపంచమంతటా ఉన్నాయి. దేశం ఎంచుకోవాలి: టాంజానియా, ఘనా, కెన్యా, నేపాల్. విభాగం ఎంచుకోవాలి: ప్రసూతి, పసిపిల్లలు, గాయాలకు కట్లు. ఎన్ని వారాలో చెప్పి డబ్బు కట్టాలి. వైద్యంలో ఓనమాలు కూడా రానక్కరలేదు, ఉత్సాహం ఉంటే చాలు. ఉండటానికి, తినడానికి అక్కడి పల్లెలో ఒక ఆతిథ్య కుటుంబాన్నీ వాళ్లే కుదురుస్తారు. మనవాడు టాంజానియాలోని అరూషా దగ్గరి పల్లె దవాఖానలో రెండు వారాలు సేవ చేసి, మూడో వారం సెరెంగెటిలో సింహాలను చూసి వచ్చాడు. సేవకూ సింహాలకూ ఏమిటి సంబంధం అని అడగకూడదు, ప్యాకేజీ అలాగే ఉంది. విమానంతో కలిపి మూడు లక్షల పైచిలుకు అయిందని తండ్రిగారు చెబుతున్నారు. ఆయన రియల్ ఎస్టేటు మనిషి. ఇప్పుడున్న రేట్లలో కరుణ ఈ ధరకు రావడం చవకేనని ఆయన నమ్మకం.

సన్మాన సభ హైదరాబాద్ రోడ్డులోని ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. జ్యోతి ప్రజ్వలన చేశారు. ఫ్యాను గాలికి దీపం రెండుసార్లు ఆరిపోతే ఫ్యాన్లన్నీ ఆపి మూడోసారి వెలిగించారు. జూన్ మొదటి వారంలో నల్లగొండలో ఫ్యాన్లు ఆపి కూర్చోవడం కూడా త్యాగమే కనుక, ఆ పది నిమిషాలూ మా అందరి పేరునా సేవ ఖాతాలో జమ చేయవలసిందిగా మనవి. మొదటి వక్త కుర్రాణ్ణి మదర్ థెరెసాతో పోల్చాడు. రెండో వక్తకు అది చాలా తక్కువగా తోచి, గాంధీజీ దాకా తీసుకెళ్లాడు. ఆయన కూడా ఆఫ్రికా వెళ్లి వచ్చాకే మహాత్ముడయ్యాడు కదా అని సాక్ష్యం చూపించాడు. మూడో వక్తకు పోల్చడానికి ఇంకెవరూ మిగలలేదు. మైకు పనిచేస్తోందని నిర్ధారించి కూర్చున్నాడు.

తర్వాత లైట్లు తీసేసి తెర మీద ఫొటోలు వేశారు.

మొదటిది ఆతిథ్య కుటుంబం. రేకుల ఇల్లు, పక్కన అరటి చెట్లు, నలుగురు పిల్లలు, ఒక ఇల్లాలు. అక్కడ తల్లిని బిడ్డ పేరుతో కలిపి ‘మామా ఫలానా’ అని పిలవడం మర్యాద. ఆ మామా తన గది ఖాళీ చేసి మనవాడికి ఇచ్చి, తాను పిల్లలతో పాటు ముందు గదిలో నేల మీద పడుకుంది. తెల్లవారకముందే లేచి అతనికి వేణ్నీళ్లు కాచింది. “వాళ్లు అంత పేదవాళ్లయినా అంత సంతోషంగా ఎలా ఉంటారో చూసి నాకు కన్నీళ్లు వచ్చాయి” అన్నాడు సేవామూర్తి. హాలంతా చప్పట్లు. ఆ మూడు లక్షల్లో ఆ ఇల్లాలి చేతికి ఎంత ముట్టిందని పక్కనే ఉన్న తండ్రిగారిని అడిగాను. “అవన్నీ ఏజెన్సీ వాళ్లు చూసుకుంటారు సార్” అన్నారు. ఆనకట్టలు కట్టడానికి తరతరాలుగా దేశమంతా తిరిగిన మన పాలమూరు కూలీలు గుర్తొచ్చారు. వాళ్లూ పరాయి ఊరికి పనిచేయడానికే వెళ్లారు. గది ఖాళీ చేసి ఇచ్చిన కుటుంబం ఒక్కటీ ఉన్నట్టు నేను వినలేదు. డేరా వేసుకున్నారు, పని పూర్తయ్యాక పీక్కున్నారు. తిరిగొచ్చినప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండులో ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు.

రెండో ఫొటోలో భోజనం. ఉగాలి. మరుగుతున్న నీళ్లలో మక్కపిండి పోసి గట్టిపడేదాకా కలిపితే అదే ఉగాలి. చేత్తో ముద్ద చేసి ఆకుకూరతో తింటారు. “ఎంత సహజమైన ఆహారం! ఆ రుచి జన్మలో మరచిపోలేను” అన్నాడు. ముందు వరుసలో అతని నానమ్మ కూర్చుని ఉంది. దేవరకొండ వైపు పల్లె ఆమెది. ఆమె జొన్న గట్క వండిన రోజు ఈ మనవడు మూతి ముడిచి, పట్నం నుంచి తెచ్చుకున్న నూడుల్స్ పొట్లం విప్పేవాడని అంతకు కాసేపటి ముందే నాతో చెప్పింది. తెర మీద ముద్దను చూసి ఆమె కళ్లజోడు సవరించుకుంది.

“ఇది గట్కే కదరా” అంది, హాలంతా వినపడేలా.

“కాదు నానమ్మా, ఇది ఆఫ్రికాది” అన్నాడు మనవడు.

మూడో ఫొటో నుంచి అసలు వైద్యం మొదలైంది. మొదటి రోజు బీపీ పట్టీ తిరగేసి కట్టాడట. “అయినా ఆ తాతగారు ఏమీ అనలేదు, నవ్వి ఊరుకున్నారు. ఎంత మంచివాళ్లో!” మళ్లీ చప్పట్లు. నాలుగో ఫొటోలో ఒక పసిబిడ్డ వేలు గుచ్చి మలేరియా పరీక్ష. అయిదో ఫొటోలో సూది. నాలుగు రోజుల్లోనే అక్కడి నర్సుకు తన మీద నమ్మకం కుదిరి ఇంజెక్షన్ చేయనిచ్చిందని చెప్పాడు. ఆ ఫొటోలో కుర్రాడి ముఖం నిండుగా, స్పష్టంగా ఉంది. రోగిది మాత్రం భుజం దాకా పడిన చెయ్యి ఒక్కటే ఉంది, మిగతా మనిషి ఫొటోలోకి రాలేదు. ఎవరా మనిషి, ఏమి జబ్బు, ఏ మందు ఎక్కించావు నాయనా అని అడిగినవాళ్లు లేరు. అడగడానికి వీలుగా ముఖమైనా లేదు.

ఇక్కడ నాదొక చిన్న సందేహం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. నీట్ కోసం కళ్లు కాయలు కాసేలా చదివి అందులో సీటు తెచ్చుకున్న పిల్లవాణ్ణి మొదటి ఏడాది సూది పట్టుకుని రోగి దరిదాపులకు రానివ్వరు. ముందు శవం మీద నేర్చుకోమంటారు. పల్లెల్లో ముప్పై ఏళ్లుగా సూదులు వేస్తున్న ఆర్‌ఎంపీల మీద వైద్య మండలి వాళ్లు దాడులు చేసి కేసులు పెడుతున్నారు. అర్హత లేనివాడు మనిషి ఒంట్లో సూది దింపకూడదు. సరైన మాటే, నేను రెండు చేతులూ ఎత్తి సమర్థిస్తాను. అయితే అదే పని విమానం ఎక్కి వెళ్లి చేసొచ్చినవాడికి కేసు బదులు శాలువా ఎందుకు కప్పుతున్నాం? ఉగాండాలోని జింజాలో వైద్యం చదవని ఒక అమెరికా యువతి, పోషకాహారం లేక చిక్కిపోయిన పిల్లల కోసం కేంద్రం నడిపింది. అక్కడ చేరిన పిల్లల్లో వంద మందికి పైగా చనిపోయారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు 2019లో కోర్టుకెక్కారు. ఆ యువతి, ఆమె సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 2020లో డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. ఆమెకూ ఉత్సాహానికి ఏమీ కొదవ లేదు.

ఏడో ఫొటో వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది.

బడిపిల్లలు వరుసగా నోళ్లు తెరిచి నిలబడ్డారు. పళ్ల మీద గోధుమరంగు గీతలు, మచ్చలు, అక్కడక్కడ గుంటలు. “వీళ్లకు పళ్లు తోముకోవడం తెలియదు. అందుకే బ్రష్‌లు, పేస్టులు పంచి, ఎలా తోముకోవాలో నేర్పాను” అన్నాడు.

అన్నది ఎవరు? నల్లగొండలో పుట్టినవాడు. ఎక్కడ అన్నాడు? నల్లగొండ నడిబొడ్డున. మునుగోడు, చండూరు, మర్రిగూడ నుంచి వచ్చిన అతని సొంత చుట్టాలు ఆ హాల్లోనే ఉన్నారు. వాళ్లలో పెద్దవాళ్ల నోళ్లలోకి ఎప్పుడైనా చూశాడా? వాళ్లు కూడా పళ్లు తోముకోలేదా? చిగుళ్లు రక్తం కారేలా వేపపుల్లతో తోమినా ఆ మచ్చ పోదు. అది పంటికి పట్టిన పాచి కాదు. పసితనంలో పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడే, తాగిన నీళ్లతో పాటు ఒంట్లో చేరిన ఫ్లోరైడ్. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన గ్రానైటు రాళ్ల మధ్య ఊరిన బోరునీళ్లు ఆ హద్దును ఏనాడో దాటాయి. అరూషా పక్కన మేరు అని ఒక అగ్నిపర్వతం ఉంది. అక్కడి రాళ్లూ నీళ్లలోకి వదిలేది దీన్నే. ఆ పిల్లలు అచ్చంగా మన మర్రిగూడ పిల్లలు. వాళ్లకు ఇతను పంచి వచ్చిన పేస్టులో ఏముంటుందో డబ్బా మీద చదివాడా? చాలా పేస్టుల్లో కలిపేది ఫ్లోరైడే!

నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఒకటుంది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాన్ని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. కెన్యా, ఇథియోపియా, టాంజానియా దేశాల్లోనూ వాడి చూశారు. అంటే నల్లగొండ పేరు ఇతనికంటే చాలా ముందే అరూషా వైపు వెళ్లి, ఇతనికంటే కాస్త పనికొచ్చే పని చేసింది. ఆ దవాఖానలో నీళ్ల సంగతి తెలిసిన మనిషి ఎవరైనా ఉండి, ఇతనిది నల్లగొండ అని విని ఉంటే, ఎంత ఆశగా కుర్చీ దగ్గరికి లాక్కుని ఉండేవాడో! ఇతను ఆయన చేతిలోనూ ఒక బ్రష్ పెట్టి ఉండేవాడు.

ఫొటోల సంగతి మాకు ఒకరు చెప్పాలా? మర్రిగూడ మండలం బట్లపల్లికి వచ్చినన్ని కెమెరాలు మంచినీళ్ల ట్యాంకర్లుగా వచ్చి ఉంటే బాగుండేది. ఆ ఫ్లోరైడ్ నీళ్లకు వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు, ముప్పైలోనే ముసలితనం. అన్నీ తీసుకున్నారు, వెళ్లారు. మా నీళ్ల గోడు ఎవరికీ పట్టకపోతే 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అప్పటికీ చాలక 2003లో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి, ప్రధాని వాజపేయి ఎదుట బల్ల మీద పడుకోబెట్టి చూపించవలసి వచ్చింది. మన బిడ్డ ఒంటిని ఒకరి ముందు పరిచి నమ్మించుకోవడం ఎంత అవమానమో ఈ జిల్లాకు తెలుసు. ఆ తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి, వంగిన ఎముకలు మాత్రం వంగే ఉన్నాయి. స్వామి 2023లో వెళ్లిపోయాడు. అలాంటి నేల మీద పుట్టినవాడు ఇంకెవరి పిల్లలతోనో నోళ్లు తెరిపించి, తన ముఖం కూడా పడేలా ఫొటో దిగి, తెచ్చి మాకే చూపిస్తాడా? మేము చప్పట్లు కొడతామా? కొట్టాము. సిగ్గు లేకుండా కొట్టాము.

సభలో కుర్చీలు నిండాలని ఎవరో చుట్టుపక్కల ఊళ్ల ఆశా కార్యకర్తలను రప్పించారు. అందులో ఒకామె శాలువాల పళ్లెం పట్టుకుని వేదిక పక్కన నిలబడే ఉంది. గర్భిణుల నమోదు, టీకాలు, ఇంటింటి జ్వరాల సర్వే, క్షయ అనుమానం ఉన్నవాళ్ల తెమడ డబ్బాలు, అన్నీ ఆమె సంచిలోనే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశపు ఆశాలందరికీ కలిపి పురస్కారం ఇచ్చింది. సర్కారు మాత్రం వాళ్లను ఉద్యోగులుగా లెక్కించదు, చేసిన పనికి పారితోషికం ఇస్తుంది. 18 వేల స్థిర వేతనం కావాలని రోడ్డెక్కితే పోలీసు వ్యాను ఎక్కిస్తుంది. ఆమె బీపీ పట్టీ తిరగేసి కడితే ఏమవుతుందో మీరే ఊహించండి. సంజాయిషీ అడుగుతారు. తాతగారు నవ్వినా సరే.

భోజనాల దగ్గర కుర్రాణ్ణి పట్టుకుని, నానమ్మగారి ఊళ్లో ఉపకేంద్రానికి పల్లె దవాఖాన అని కొత్త బోర్డు పెట్టారు కదా, ఎప్పుడైనా లోపలికి వెళ్లావా అని అడిగాను. మర్యాదస్తుడు, ప్లేటు కింద పెట్టి జవాబిచ్చాడు.

“అక్కడ సర్టిఫికెట్ ఇవ్వరు కదా అంకుల్.”

బయలుదేరుతుంటే తండ్రిగారు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. విశ్వవిద్యాలయానికి పంపాల్సిన వ్యాసమట. “మీరు రాసే మనిషి కదా సార్, కాస్త దిద్దిపెట్టండి. అబద్ధాలుంటే వాళ్లు పట్టేస్తారట, అవి తీసేస్తే చాలు” అన్నారు. ఇంటికి వచ్చి ఎర్ర పెన్ను తీశాను. ‘ఎందరో ప్రాణాలు కాపాడాను’ కొట్టేశాను. ‘ఆ సమాజంలో మార్పు తెచ్చాను’ కొట్టేశాను. దంతాల ఆరోగ్యం మీద చైతన్యం కలిగించానన్న చోట పెన్ను కాస్త గట్టిగా పడి కాగితం చిరిగింది. చివరికి రెండే వాక్యాలు మిగిలాయి: ‘ఆ ఇంటి తల్లి నాకు తన గది ఇచ్చింది. రోజూ వేణ్నీళ్లు కాచి పెట్టింది.’

మర్నాడు అదే ఇచ్చాను. తండ్రిగారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “అయిదు వందల పదాలు కావాలి సార్, ఇందులో పట్టుమని పాతిక కూడా లేవు” అన్నారు.

సింహాల గురించి రాసుకోమన్నాను.