కౌన్సిలింగ్ అంటే మంచి మాటలేనా?

కౌన్సిలింగంటే నాలుగు మంచి మాటలు చెప్పడమేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది కావలి. ఇంటర్ తప్పిన మా అక్క కొడుక్కి మంచి మాటలు చెప్పనివాళ్లు లేరు, అయినా వాడు గదిలోంచి బయటికి రాలేదు. నెల్లూరులో చూపించిన కౌన్సిలర్‌ది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) పద్ధతి, అంటే మనల్ని కుంగదీసే ఆలోచనల్ని పరీక్షించి మార్చుకునే చికిత్స. 1960ల్లో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించింది. ‘నేను దేనికీ పనికిరాను’ అన్న మాటను వాడిచేతే నోటుపుస్తకంలో రాయించి, కింద ఒకవైపు దానికి రుజువులు, రెండోవైపు ఎదురు రుజువులు రాయమన్నారు. రెండోవైపు నిండిపోతుంటే వాడికే ఆశ్చర్యమేసింది. అయితే బాబాయి పోయిన దుఃఖంలో ఉన్న మా పిన్నికి ఈ రాతలు పనికిరావు. ఆమెకు కావాల్సింది అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ చెప్పినట్టు తప్పొప్పులు ఎంచకుండా, తొందరపెట్టకుండా వినే మనిషి. ఏ పద్ధతిలో చేస్తారో మొదటిరోజే అడగండి. వెళ్లే వీలు లేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.